త్రాసు పళ్లెం మీద గంధం

యోగానంద్ గారు బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ముట్టలేదు. ఇంట్లో బొద్దింక కనిపిస్తే చంపడానికి భార్య ప్రమోద గారిని పిలుస్తారు, ఆ కాసేపూ తాను హాల్లోకి వెళ్లి కూర్చుంటారు. అలాంటి మనిషి అమెరికాలో, టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లోని తన ఇంటి గరాజ్‌లో, దున్నపోతంత జంతువును ఒక్క దెబ్బకు కూల్చే మాగ్నమ్ తూటాలను స్వహస్తాలతో తయారుచేస్తారంటే కొత్తవాళ్లు నమ్మరు. పాతవాళ్లు నమ్ముతారు. నమ్ముతారు కాబట్టే పిల్లల పుట్టినరోజులకు ఆ దంపతులను పిలుస్తారు గాని, వాళ్లింటికి మాత్రం పిల్లలను పంపరు.

ఆయనకు సొంత రైఫిల్ లేదు. వేటకు ఏనాడూ వెళ్లలేదు, వెళ్లే ఉద్దేశమూ లేదు. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే, మంగళసూత్రాలు చేసే కంసాలి ప్రతి పెళ్లిలోనూ తనే తాళి కట్టాలా ఏమిటి అంటారు. అడిగినవాళ్లు టీ తాగి వెళ్లిపోతారు.

ఆయన ఉద్యోగమంతా న్యూజెర్సీలో, ఎడిసన్‌కు దగ్గర్లో ఉన్న ఒక మాత్రల కంపెనీ లాబ్‌లో గడిచింది. నాణ్యత చూడటం పని. అందులోనూ ఆయన చెయ్యి బాగా తిరిగిన పరీక్ష ఒకటుంది. పొడిని తూచడం, ఓవెన్‌లో ఆరబెట్టడం, మళ్లీ తూచడం. తగ్గిన బరువంతా నీరు. చూడటానికి ఇంతే. కానీ కొత్తగా చేరిన ప్రతి జూనియర్‌నూ పక్కన నిలబెట్టుకుని, తడిగా ఉన్నదేదీ తన అసలు బరువు చెప్పదు, దాన్ని నమ్మి సంతకం పెట్టకండి అని పాఠం చెప్పేవారు. జూనియర్లు బుద్ధిగా తలలూపి, కాఫీ దగ్గర చేరి ఆయన గొంతును అనుకరించేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అనుకరించడానికైనా మాట గుర్తుండాలి కదా అని సంతోషించేవారు.

రిటైరయ్యాక న్యూజెర్సీ చలి ఇక చాలనుకుని టెక్సస్ వచ్చి ఇల్లు కొనుక్కున్నారు. ఈ తూటాల వ్యవహారం అక్కడ, ఈశ్వరయ్య గారి వల్ల మొదలైంది. ఈశ్వరయ్య గారిది జగిత్యాల. ఆపరేషన్లకు ముందు మత్తు ఇచ్చే డాక్టరుగా ఈ ఊళ్లోనే పేరు తెచ్చుకుని, ఇప్పుడు ఖాళీగా ఉన్నారు. ఖాళీగా ఉన్నప్పుడల్లా వేటకు వెళతారు. ఒక ఏడాది కొట్లలో పెద్ద మాగ్నమ్ తూటాలు దొరకడం మానేశాయి. దొరికిన ఒకే ఒక్క డబ్బాను ఆయన తెచ్చి, పండు చూపించినట్టు యోగానంద్ గారికి చూపించారు. యోగానంద్ గారు అలవాటు కొద్దీ వాటిని ఒక్కొక్కటే తూచారు. ఏ రెండింటి బరువూ ఒకటిగా లేదు. ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. ఒక డబ్బాలో ఉన్నవన్నీ ఒకేలా ఉండాలి కదా డాక్టర్‌గారూ అని మర్నాడు ఫోన్ చేశారు. అవి మాత్రలు కావు యోగీ, తూటాలు అని ఆయన నవ్వారు. ఏదైనా డోసే కదా అన్నారు యోగానంద్ గారు, కాస్త బాధగానే.

ఆ తర్వాత గరాజ్‌లో ఒక మూల బల్ల వెలిసింది. బల్లకు బిగించిన ఇనుప ప్రెస్ వచ్చింది. పనిలో ఒక వరుస ఉంది. పేలిపోయిన తూటాల ఇత్తడి కేసులను శుభ్రం చేయాలి. మాగ్నమ్ కేసుకు అడుగున మొలతాడు కట్టినట్టు ఒక కట్టు ఉంటుంది, అక్కడ మురికి పడుతుంది. పేలినప్పుడు ఉబ్బిన కేసును ప్రెస్‌లో నొక్కి మళ్లీ కొలతకు తేవాలి. అడుగున నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్ బిళ్లను కూర్చాలి. పౌడర్ తూచి గరాటుతో పోయాలి. పైన బుల్లెట్ బిగించాలి. మిగతా పనులన్నీ చెయ్యి తిరిగినవాళ్లు ఎవరైనా చేయవచ్చు. పౌడర్ తూకం మాత్రం అలా కాదు. గురిగింజ ఎత్తు ఎక్కువ పడితే చాలు, రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో ఒత్తిడి ఎక్కడికి పోతుందో చెప్పలేం. ఆ రైఫిల్ గది పక్కనే కాల్చేవాడి మొహం ఉంటుంది.

అందుకని ఆయన ఎలక్ట్రానిక్ తూకాన్ని నమ్మలేదు. పాతకాలం త్రాసు ఒకటి సంపాదించారు. దానికి ఒక చివర చిన్న పళ్లెం, రెండో చివర జరుపుకునే బరువులు. పని మొదలుపెట్టే ముందు ఖాళీ పళ్లెంతో సున్నా సరిచూస్తారు. పని అయ్యాక మళ్లీ ఖాళీ పళ్లెంతో సున్నా సరిచూస్తారు. ఈ రెండో చూపు లేకుండా ఆయన చేతి నుంచి ఏ డబ్బా బయటికి వెళ్లలేదు, ఈ దసరా దాకా.

దసరాల్లో ఆయుధ పూజ నాడు ప్రమోద గారు ఇంట్లో తిరిగేవాటికీ కోసేవాటికీ బొట్లు పెడతారు. కారుకు, మిక్సీకి, లాన్‌మోవర్‌కు, లాప్‌టాప్‌కు. గరాజ్‌లో ప్రెస్ పిడికి కూడా ఏటా ఒక కుంకుమ బొట్టు పడుతుంది. ఈసారి యోగానంద్ గారే త్రాసును రెండు చేతులా మోసుకొచ్చి, అసలు ఆయుధం ఇదీ, దీనికి కూడా పెట్టు అన్నారు. గర్వంగానే అన్నారు. ప్రమోద గారి స్నేహితురాలు లక్ష్మి గారు ఇండియా నుంచి గంధపు చెక్క తెచ్చి ఇచ్చి ఉన్నారు. సాన మీద అరగదీస్తే గంధం వెన్నలా వచ్చింది. ఇన్నేళ్లూ డబ్బాలో గంధం పొడితో సర్దుకున్న ప్రమోద గారికి చెయ్యి ఆగలేదు. త్రాసు పళ్లెం బయటి వైపు బొటనవేలితో దట్టంగా రాసి, మధ్యలో కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకున్నారు.

“రేపు దశమి పూజ అయ్యేదాకా వీటిని ముట్టుకోకండి,” అన్నారు.

ఆయన సరేనన్నారు. అప్పటికి నిజంగానే ముట్టుకోకూడదనుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలు అవుతుండగా ఈశ్వరయ్య గారి ఫోన్. దక్షిణ టెక్సస్‌లో ఒక పెద్ద పశువుల రాంచ్‌లో వేటకు ఎవరో రావడం మానుకున్నారట, వాళ్ల స్లాట్ ఈయనకు దొరికిందట. ఆ ప్రాంతంలో ఎప్పుడో మన దేశం నుంచి మనుబోతులను తెచ్చి వదిలారు. ఇక్కడ వాటిని నీల్‌గాయ్ అంటారు. అవి హెచ్-వన్ గొడవ లేకుండా వచ్చి, పిల్లాపాపలతో స్థిరపడి, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. చర్మం మందం, ప్రాణం గట్టిది. మామూలు తూటా తగిలితే ఒళ్లు దులుపుకుని వెళ్లిపోతాయని వేటగాళ్లు చెప్పుకుంటారు.

“తెల్లారకముందే బయలెల్తున్న యోగీ. ఒక డబ్బా సాయంత్రానికి అయితదా? ఫుల్ లోడ్ పెట్టు. మళ్ల ఎప్పుడు పోతనో ఏమో,” అన్నారు ఈశ్వరయ్య గారు.

ఆ చివరి మాట ఆయన మామూలుగా అనే మాట కాదు. యోగానంద్ గారు దాన్ని చెవిన వేసుకోలేదు. ఆయన ధ్యాసంతా ప్రమోదకు తెలియకుండా గరాజ్‌లోకి ఎలా దూరాలా అన్నదాని మీద ఉంది.

పేరంటానికి ఆడవాళ్లు వచ్చి హాల్లో కూర్చున్నాక దారి దొరికింది. చెప్పులు చేత్తో పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నారు. త్రాసు ముందు కూర్చున్నాక ఒక చిక్కు వచ్చింది. పళ్లెం మీద గంధం తడితడిగా మెరుస్తూ ఉంది. తుడిచేస్తే పని తేలిక. కానీ పూజలో పెట్టిన గంధం తుడవడానికి ఆయనకు చెయ్యి రాలేదు. పూజలో ఉన్న త్రాసును వాడటానికి మాత్రం వచ్చింది. సగం భక్తితో వచ్చే చిక్కే ఇది. పూర్తి భక్తుడైతే ముట్టుకునేవాడు కాదు, భక్తి లేనివాడైతే తుడిచేసేవాడు. ఆయన మధ్యేమార్గంగా, గంధంతో సహా పళ్లేన్ని తగిలించి, ఆ బరువుతోనే సున్నా సరిచేశారు. గంధం ఉంటేనేం, సున్నా సున్నాయే కదా అనుకున్నారు.

ఆ తర్వాత ఎప్పటిలాగే శ్రద్ధగా పని చేశారు. ఒక్కో కేసుకు పౌడర్ తూచారు, ముల్లు సరిగ్గా గీత మీద ఆగేదాకా చిటికెడు చిటికెడు వేశారు. తయారైన తూటాలను డబ్బాలో ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్చారు. చివరిది బిగించి, ఖాళీ పళ్లేన్ని త్రాసుకు తగిలించబోతుండగా తలుపు అవతల ప్రమోద గారి గొంతు వినిపించింది. లక్ష్మి గారిని ఇంటి దగ్గర దింపి రావాలట. యోగానంద్ గారు లైటు ఆర్పేసి, డబ్బాను లాల్చీ జేబులో దోపుకుని, కారు శుభ్రం చేస్తున్నానని చెబుతూ బయటికి వచ్చారు. లక్ష్మి గారిని దింపారు. దారిలో ఈశ్వరయ్య గారింట్లో డబ్బా ఇచ్చారు. ఇంటికొచ్చి ప్రసాదం తిని, దొంగతనం బయటపడనందుకు తృప్తిగా నిద్రపోయారు.

దశమి పొద్దున పూజకు ముందు, బల్ల సర్ది ఉంచుదామని గరాజ్‌లోకి వెళ్లారు. పళ్లెం మీద గంధం తెల్లగా ఎండి బీటలు వారింది. వేలు తగలగానే ఒక పెచ్చు ఊడి బల్ల మీద పడింది.  ఆయన ఊడిన పెచ్చును కూడా పళ్లెంలోనే పెట్టి, దాన్ని త్రాసుకు తగిలించారు. ముల్లు సున్నా దగ్గరకు రాలేదు. పళ్లెం తేలికైపోయి పైనే నిలిచింది.

 నిన్న గంధం తడిగా ఉండగా సున్నా పెట్టారు. తూస్తున్నంతసేపూ గంధం ఆరుతూ వచ్చింది, పళ్లెం తేలికవుతూ వచ్చింది. తగ్గిన నీటికి బదులు త్రాసు పౌడర్ అడిగింది, ఆయన వేశారు. మొదటి తూటా సరైనదే. అక్కడి నుంచి ప్రతి తూటాకూ ముందుదానికంటే కాస్త ఎక్కువ. చివరి వరుసకు వచ్చేసరికి గురిగింజ ఎత్తు తేడా. అసలే పట్టగలిగినంత పౌడర్‌తో ఫుల్ లోడ్ అడిగిన తూటాలవి, మిగులు చోటు లేదు. ఉద్యోగమంతా ఆరబెట్టి తూచే పరీక్ష చేసిన మనిషి, తడి గంధాన్ని నమ్మి సంతకం పెట్టాడు.

ఆశ పెట్టుకోవడానికి ఒకటే ఉంది, ఈశ్వరయ్య గారు డబ్బాను ఎడమ నుంచి మొదలుపెట్టి ఉండాలి. కానీ ఆయన సంగతి యోగానంద్ గారికి తెలుసు. మైసూర్‌పాక్ డబ్బా ఇచ్చినా అవతలి చివర నుంచి మొదలుపెట్టే మనిషి.

ఫోన్ చేశారు. వాయిస్‌మెయిల్‌కు వెళ్లింది. మళ్లీ చేశారు, మళ్లీ వాయిస్‌మెయిలే. ఈశ్వరయ్య గారి భార్య ఛాయాదేవి గారికి చేస్తే, ఆయన చీకటితోనే వెళ్లిపోయారనీ, రాంచ్ లోపల సిగ్నల్ ఉండదనీ, వేట సాయంత్రం మొదలవుతుందనీ చెప్పి, ఎందుకని అడిగారు. యోగానంద్ గారు నీళ్లు నమిలి, దసరా శుభాకాంక్షలు చెప్పి పెట్టేశారు. రాంచ్ ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. అక్కడి మెషిన్‌కు, ఆ తూటాలు కాల్చవద్దని చెప్పండి అని పేరుతో సహా మెసేజ్ పెట్టారు. ఆ మెషిన్ ఎవరైనా వింటారని ఆయనకు నమ్మకం కలగలేదు.

ఇక ప్రమోద గారికి చెప్పక తప్పలేదు. ఆమె హారతి పళ్లెం కింద పెట్టి మొత్తం విన్నారు. ఇంటిల్లిపాదీ అదిరేలా తిడతారని ఆయన సిద్ధంగా నిలబడ్డారు.

“అన్నయ్యగారికి ఏమైనా అవుతుందా?” అని మాత్రం అడిగారు.

“ఏమీ కాకపోవచ్చు. కన్ను పోవచ్చు. నాకు తెలీదు ప్రమోదా.”

ఆమె తిట్టలేదు. హారతి ముగించి, పులిహోరను డబ్బాలో సర్ది, చీర కూడా మార్చుకోకుండా వెళ్లి కారులో కూర్చున్నారు. తిట్టకపోవడం చూసి ఆయనకు భయం రెట్టింపైంది.

ఇర్వింగ్ నుంచి ఆ రాంచ్‌కు దాదాపు రోజంతా డ్రైవ్.  వేకో ఊరు దాటాక ప్రమోద గారు కిటికీ వైపు చూస్తూ అన్నారు.

“నాకు చెప్పకుండా చేశారని కాదు నా బాధ. ఆ గంధం తుడిచేసి చేసుంటే సరిపోయేది కదండీ. దేవుడికి నేను సర్ది చెప్పుకునేదాన్ని.”

 నిజమే అది. శాన్ ఆంటోనియో దాటారు. చెట్లు పొట్టివయ్యాయి, ఆకాశం పెద్దదైంది. పెట్రోల్ కోసం ఆగిన ప్రతిచోటా ఫోన్ చేశారు, ప్రతిసారీ ఈశ్వరయ్య గారి గొంతు తను అందుబాటులో లేనని హుషారుగా చెప్పింది. ఉద్యోగంలో ఆయన ఎన్నడూ చూడని మనుషుల కోసం జాగ్రత్తపడ్డారు. ఏ ఊళ్లోనో ఏ ముసలాయనో మింగే మాత్ర కోసం గంటల తరబడి త్రాసు ముందు కూర్చున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇప్పుడు తాను చూసిన ఒకే ఒక్కడికి, వారం వారం ఇంటికి వచ్చి కాఫీలో చక్కెర ఎక్కువ వేయించుకునే మనిషికి, తన చేత్తోనే కీడు చేశారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రమోద గారు చూసి, తాను నడుపుతానని స్టీరింగ్ తీసుకున్నారు. ఆమె ఆయనకంటే వేగంగా నడుపుతారు. ఏటా దాని మీద ఇద్దరికీ ఒక గొడవ అవుతుంది. ఆ రోజు కాలేదు.

రాంచ్ గేటు చేరేసరికి ఎండ వాలింది. గేటు దగ్గరి మనిషి రేడియోలో పిలిస్తే, రౌల్ అనే గైడ్ పికప్ ట్రక్‌లో వచ్చాడు. నెరిసిన మీసాలు, తొడలంత చేతులు. పట్టుచీర కట్టుకుని స్టీరింగ్ ముందు కూర్చున్న పెద్దావిడను కాసేపు చూశాడు. యోగానంద్ గారు అడగకముందే సంగతి చెప్పాడు. మీ డాక్టరు మధ్యాహ్నం గురి సరిచూసుకోవడానికి అట్టబొమ్మ మీద ఒక్క షాట్ కాల్చాడు. అంతే, కడుపునొప్పి అన్నాడు. అప్పటి నుంచి తన కారులో కూర్చున్నాడు. తినడు, మాట్లాడడు, రైఫిల్ ఎవరినీ తాకనివ్వడు. జంతువును చంపడానికి మనసు రావడం లేదేమో, కొందరికి ఇక్కడిదాకా వచ్చాక అలా అవుతుంది అన్నాడు, మర్యాదగా.

ఒక్క షాట్ అన్న మాట వినగానే యోగానంద్ గారు కారు దిగారు. రౌల్ చూపించిన వైపు దాదాపు పరుగెత్తుతూ వెళ్లారు. ఈశ్వరయ్య గారు కారు ముందు సీట్లో, రైఫిల్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. యోగానంద్ గారు ముందు ఆయన కళ్లు చూశారు, రెండూ ఉన్నాయి. వేళ్లు చూశారు, అన్నీ ఉన్నాయి. అప్పుడు కారు తలుపు పట్టుకుని ఊపిరి పీల్చుకున్నారు.

ఈశ్వరయ్య గారు ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోయే ఓపిక కూడా లేనట్టు చూశారు.

“వచ్చినవా. మంచిగయింది. ఇది నువ్వే తీస్కపో,” అని రైఫిల్ అందించబోయారు. “నా చెయ్యి పోయింది యోగీ.”

తర్వాత మెల్లగా చెప్పారు. పోయిన చలికాలం నుంచి పొద్దున లేవగానే కుడిచేతి వేళ్లు మొద్దుబారి ఉంటున్నాయి. డాక్టరు కాబట్టి ఇంకో డాక్టరుకు చూపించుకోలేదు, జబ్బు పేరు తానే పెట్టుకున్నారు. ఛాయాదేవి గారికి చెప్పలేదు. ఈ వేటతో తేల్చుకుందామని వచ్చారు. ఒక తూటా కాల్చి, ఖాళీ కేసు బయటికి తీయడానికి బోల్ట్ పిడి ఎత్తబోతే లేవలేదు. రెండు చేతులతో గుంజారు, లేవలేదు. రౌల్ తాను తీస్తానన్నాడు, ఇవ్వలేదు. పిల్లలు రెండు వేళ్లతో తీసే బోల్ట్‌ను తాను తీయలేకపోయానని ఇంకొకడి కళ్ల ముందు తేలడం ఆయనకు ఇష్టం లేకపోయింది. ఇక సూది పట్టే వయసు, రైఫిల్ పట్టే వయసు రెండూ అయిపోయాయనుకుని, ఇంటికి డ్రైవ్ చేసే ధైర్యం రాక అక్కడే కూర్చున్నారు.

యోగానంద్ గారు రైఫిల్ అందుకోలేదు.

“తూటాలో తప్పుందేమోనని అనుకోలేదా డాక్టర్‌గారూ?”

“నీ తూటాల తప్పెట్లుంటది?” అన్నారు ఈశ్వరయ్య గారు.

వాదనగా అనలేదు. సూర్యుడు పడమర ఉదయిస్తాడా అన్నట్టు కూడా అనలేదు, మామూలుగా అన్నారు. మధ్యాహ్నం నుంచీ ఆయన తన చేతిని అనుమానించారు, వయసును అనుమానించారు, నరాలను అనుమానించారు. ఆ డబ్బా వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఆ మాట యోగానంద్ గారికి ఎంత తిట్టు తిట్టినా తగలనంత గట్టిగా తగిలింది.

“ఉంది డాక్టర్‌గారూ. తప్పు నాది,” అన్నారు. “పౌడర్ ఎక్కువ పడింది. ఇత్తడి కేసు ఉబ్బి గదిలో పట్టేసింది. ఆ బోల్ట్ మీకే కాదు, ఎవరికీ రాదు.”

గంధం సంగతంతా చెప్పారు. తుడవడానికి చెయ్యి రాకపోవడం, తడిగా ఉండగా సున్నా పెట్టడం, ఆఖరి చూపు చూడకపోవడం, ఏదీ దాచలేదు. ఈశ్వరయ్య గారు చివరిదాకా విన్నారు. విన్నాక కారు దిగి, తిన్నగా రౌల్ దగ్గరకు వెళ్లి, రైఫిల్‌ను నేల వైపు పట్టుకుని అతనికి ఇచ్చి, బోల్ట్ తీయమన్నారు. రౌల్ ఒక చేత్తో లాగాడు, రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఇంకా గట్టిగా లాగాడు, మెడ నరాలు ఉబ్బాయి, బోల్ట్ కదలలేదు. ఈశ్వరయ్య గారి ముఖం వెలగడం మొదలైంది. రౌల్ ఇక కర్ర సుత్తి తెస్తానంటే, ఇంకొక్కసారి గుంజి చూడమని బతిమాలారు. రౌల్ ఇంకొక్కసారి గుంజాడు. ఈశ్వరయ్య గారు పెళ్లిలో మేళం వింటున్నట్టు చూస్తూ నిలబడ్డారు.

చివరికి కర్ర సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే బోల్ట్ లేచింది, కేసు ఊడిపడింది. యోగానంద్ గారు దాన్ని తీసి చూశారు. అడుగున ప్రైమర్ బిళ్ల ఒత్తిడికి అప్పడంలా చదునైపోయి ఉంది. డబ్బాలో చూస్తే అనుకున్నట్టే కుడి చివరి తూటా లేదు. రౌల్ కూడా ఆ కేసును చూసి ఈల వేసి, ఇంకో రెండు కాల్చి ఉంటే ఈ పాటికి హెలికాప్టర్ పిలిచేవాళ్లం, ఈ రైఫిల్‌ను తుపాకులు బాగుచేసేవాడు చూసేదాకా ఎవరూ కాల్చవద్దు అన్నాడు.

“చంపుతుంటివి గదరా యోగీ,” అన్నారు ఈశ్వరయ్య గారు, ఎంతో సంతోషంగా.

“అవును డాక్టర్‌గారూ.”

“మళ్ల చెప్పు. తప్పెవరిది?”

“నాది.”

“నా చెయ్యి కాదు?”

“కాదు.”

ఆయన ప్రమోద గారి వైపు తిరిగి, అమ్మా నువ్వు చెప్పు అన్నారు. ఆయనదే అన్నయ్యగారూ, నేను ముట్టుకోవద్దన్నా విన్లేదు అని ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఈశ్వరయ్య గారు ఖాళీ రైఫిల్ బోల్ట్‌ను తెరిచారు, మూశారు. తెరిచారు, మూశారు. రెండు వేళ్లతో కదిలింది. లాబ్‌లో ఎప్పుడైనా ఒక పొరపాటు ఒప్పుకోవాల్సి వస్తే యోగానంద్ గారికి వారం రోజులు అన్నం సహించేది కాదు. తన పొరపాటును ఇంత ఆనందంగా వినే మనిషిని ఆయన మొదటిసారి చూశారు.

మిగిలిన తూటాలను ఆయన ఎవరి చేతికీ ఇవ్వలేదు. వెంట తెచ్చిన ప్లాస్టిక్ సుత్తిలాంటి పనిముట్టుతో, రౌల్ పికప్ వెనక కూర్చుని ఒక్కొక్కదాని బుల్లెట్‌ను ఊడదీసి, పౌడర్‌ను నేల మీద పలచగా చల్లేశారు. సరైనవాటిని కూడా విడిచిపెట్టలేదు. ఆ పని సగంలో ఆపి, చేతులు కడుక్కుని ప్రమోద గారి పులిహోరకు కూర్చున్నప్పుడు దూరాన పొదల్లోంచి ఒక మనుబోతు బయటికొచ్చింది. నీలిబూడిద రంగు, ఎత్తైన భుజాలు. గడ్డి నములుతూ, టెక్సస్ గడ్డ మీద పులిహోర తింటున్న ముగ్గురు స్వదేశీయులను తీరిగ్గా చూసింది. రౌల్ గుసగుసగా తన రైఫిల్ ఇస్తానన్నాడు. ఈశ్వరయ్య గారు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని, ఇవాళ పండగ, వద్దన్నారు. అది కాసేపు నిలబడి, వీళ్లవల్ల తనకు ఏ ప్రమాదమూ లేదని తేల్చుకుని వెళ్లిపోయింది.

చేతులు కడుక్కున్నాక ఈశ్వరయ్య గారు దారి పక్కన ఉన్న మెస్కీట్ చెట్ల వైపు నడిచారు. ఆ నేలలో ఎటు చూసినా అవే చెట్లు. చిన్నచిన్న ఆకులు, సన్నటి ముళ్లు, మన జమ్మికి దగ్గరి చుట్టంలా ఉంటాయి. జగిత్యాలలో దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని, కావలించుకుంటారు. ఇన్నేళ్లలో ఆయన ఇర్వింగ్‌లో ఆ పని చేయడం యోగానంద్ గారు చూడలేదు. ఈశ్వరయ్య గారు కుడిచేత్తో కొమ్మను వంచి ఒక రెమ్మ తుంచారు. తుంచుతూనే చెయ్యి వెనక్కి లాక్కున్నారు. చూపుడువేలి కొనన ఎర్రటి చుక్క ఉబ్బింది. ఆయన ఆ వేలిని కళ్ల దగ్గరకు తెచ్చుకుని, కదలకుండా చూశారు.

తిరిగొచ్చి రెమ్మను యోగానంద్ గారి అరచేతిలో పెట్టి గట్టిగా కావలించుకున్నారు. ముల్లు గుచ్చుకుందా, నొప్పిగా ఉందా అని యోగానంద్ గారు కంగారుగా అడిగారు.

“నొస్తుంది యోగీ,” అన్నారు ఈశ్వరయ్య గారు, వేలు తుడుచుకోకుండా. “మంచిగ నొస్తుంది.”